పెద్దక్క గైర్హాజరు

ఏ ఆడ ఏనుగు ఎవరితో కలిసి తిరగాలో తేల్చడానికి మా అటవీ డివిజన్‌కు సరిగ్గా పన్నెండు రోజులు పట్టింది. గడువుకు మూడు రోజుల ముందే పని ముగిసిందన్న సంతోషంలో మా అధికారి ప్రభంజనరావు గారు సిబ్బందికి మైసూర్‌పాక్ పంచారు. ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని కాబట్టి నాకు రెండు ముక్కలొచ్చాయి. ఆ తియ్యదనం జూన్ దాకా నిలిచింది.

మా గంధవరం డివిజన్ మూడు రాష్ట్రాలు కలిసే మూలన ఉంటుంది. అడవి చిన్నది, ఏనుగులు పెద్దవి. అవి అడవి చాలక పొలాల్లోకి దిగడం, జనం డప్పులు కొట్టి తరమడం ఏళ్లుగా జరుగుతున్నదే. ఆ ఏడు ఏప్రిల్‌లో ప్రభంజనరావు గారు ఏదో చల్లటి ఊళ్లో అయిదు రోజుల శిక్షణకు వెళ్లి వచ్చారు. ఏనుగుల్లో కుటుంబానికి ఆధారం ఆడవేనని, తల్లులూ కూతుళ్లూ అక్కచెల్లెళ్లూ కలిసి బతుకుతాయని అక్కడెవరో పండితుడు చెప్పాడట. అది నిజమే. ఆయన అక్కడితో ఆగాడు. మా అధికారి ఆగలేదు.

"కుటుంబం స్థిరంగా ఉంటే గుంపు స్థిరం. గుంపు స్థిరంగా ఉంటే అడవి స్థిరం. కనుక సుదర్శనం గారూ, మనం ఏనుగు కుటుంబాన్ని స్థిరీకరించబోతున్నాం. ఈ మాట రాసుకోండి" అన్నారు. రాసుకున్నాను.

అలా 'స్థిర గుంపు' పథకం పుట్టింది. దానికో యాప్ కూడా వచ్చింది. మే నెలలో అడవిలో నీళ్లన్నీ ఎండిపోయి మల్లేరు ప్రాజెక్టు అడుగున మాత్రమే కాస్త మిగులుతాయి. ఏనుగులన్నీ అక్కడికి చేరతాయి. మంచె మీది నుంచి చెవి చిరుగులు కనబడేలా ఒక్కొక్కదానికి ఫోటో తీసి, నంబరిచ్చి, గుంపుల్లో చేర్చాం. ఆడవీ పిల్లలూ కలిపి ఇరవై తొమ్మిది. గుంపుకు పదింటిని మించి యాప్ తీసుకోదు కాబట్టి మూడు గుంపులయ్యాయి. మూడో గుంపులో ఒక ఖాళీ మిగిలింది. దానికి ప్రకటన ఇవ్వాలా అని నేను అడగలేదు. అడిగితే ఇవ్వమనేవారు. మగ ఏనుగులు ఎలాగూ ఇంటిపట్టున ఉండవని ఫైలులో నోట్ రాసి వాటిని మినహాయించారు.

ఈ పని జరుగుతున్నంతసేపూ మంచె కింద బీడీ కాలుస్తూ కూర్చున్నవాడు చెంగల్రాయుడు. మా డివిజన్‌లో ఏనుగుల జాడ తీసే ట్రాకర్. పంతొమ్మిదేళ్లుగా అవి ఎక్కడ ఉన్నాయో చూసి, పక్క ఊళ్లవాళ్లకు ఫోను చేసి జాగ్రత్త చెప్పడం ఆయన ఉద్యోగం. ఉద్యోగమంటే కాంట్రాక్టుదే. ఏటా కొత్తగా రాస్తారు, ఏటా అది ఆఖరుదన్నట్టే రాస్తారు. ఏనుగులకు ఆయన పెట్టుకున్న పేర్లు ఆయనకున్నాయి. రెండో గుంపు పెద్దగా యాప్ తేల్చిన ముసలి ఏనుగు పెద్దక్క. దాని కూతురు చినపాప. మూడో గుంపులో చేర్చిన ఇంకో ముసలిదానికి తొండం మొదట గులాబీ రంగు మచ్చ ఉంటుంది. దాని పేరు ముక్కుపుడక.

మైసూర్‌పాక్ తిన్నాక చెంగల్రాయుడు చెయ్యి తుడుచుకుంటూ అధికారి ముందు నిలబడ్డాడు.

"సార్, ఒగ మాట. ఇది ఎండకాలం. నీళ్లు ఈడే ఉండాయి గాబట్టి అందురూ ఈడికొచ్చినారు. వాన పడినాక ఎవురి దోవ వాళ్లదే. రొండు ఒగపక్క, మూడు ఒగపక్క. ఈ నెల అక్కతో తిరిగేది వచ్చే నెల స్నేహితురాలితో తిరగతాది. ఆడోళ్లు గద సార్, వాళ్ల పలకరింపులు వాళ్లకుంటాయి."

ప్రభంజనరావు గారు కళ్లజోడు తీశారు. "అంటే మీరు కుటుంబ వ్యవస్థ మీదే అనుమానం వ్యక్తం చేస్తున్నారా?"

"నా పెండ్లాము కూడా ఎండకాలము పుట్టింటికి పోతాది సార్. మళ్లొస్తాది."

"అది మీ వ్యక్తిగత విషయం. ఇది శాఖాపరమైన విషయం."

జూన్ రెండో వారంలో వాన పడింది. మంచి వాన. కొండల మీద గడ్డి మొలిచింది, గుంటల్లో నీళ్లు నిలిచాయి, వెదురు లేచింది. తర్వాతి సోమవారం నా కంప్యూటరు తెరంతా ఎర్రబడింది. పథకం ప్రకారం ప్రతి సోమవారం ప్రతి గుంపు హాజరు పడాలి. మొదటి గుంపులో పదికి నాలుగు, రెండో గుంపులో పదికి మూడు, అందులో ఒకటి మూడో గుంపుది. మూడో గుంపు అసలు దొరకలేదు.

చెంగల్రాయుడికి మెమో ఇచ్చాం. 'మీ పర్యవేక్షణలోని ఏనుగులు తమకు కేటాయించిన గుంపులను అనుమతి లేకుండా విడిచిపెట్టుటకు గల కారణములు మూడు దినములలో తెలుపవలెను.' ఆయన చెప్పింది నేనే కాగితం మీద పెట్టాను: వాన పడినందున. అధికారి దాన్ని తిప్పి పంపారు. యాప్‌లో గైర్హాజరుకు నాలుగే కారణాలున్నాయి: మరణం, ప్రసవం, పొరుగు రాష్ట్ర పర్యటన, ఇతరములు. ఇతరములు అంటే ఆధారం జతపరచాలి. చెంగల్రాయుడు అంగీ విప్పి, నా బల్ల పక్కన నేల మీద పిండాడు.

"ఇదే సార్ ఆధారము. జతపరచుకోండి."

తర్వాత బాధ్యత గుంపు పెద్దల మీద పెట్టాలని నిర్ణయమైంది. సభ్యులను అదుపులో ఉంచుకోలేకపోవడమే కాక తాను సైతం గుంపు వదిలి తిరుగుతున్నందుకు పెద్దక్క పేర నోటీసు తయారైంది. స్వయంగా అందజేయడం సాధ్యం కాని పక్షంలో చివరిసారి కనిపించిన చోట అతికించాలని నిబంధన. చెంగల్రాయుడు మైదా గంజి కాచుకుని వెళ్లి ఒక మద్ది చెట్టుకు అతికించి వచ్చాడు. రెండు రోజుల తర్వాత చూస్తే నోటీసూ లేదు, గంజీ లేదు, గంజి అంటిన మేర బెరడూ లేదు. ఫైలులో 'నోటీసు స్వీకరించబడినది' అని రాశాం. ఆ మాటకొస్తే మా డివిజన్‌లో ఏ నోటీసునూ ఎవరూ అంత పూర్తిగా స్వీకరించలేదు.

సమాధానం మాత్రం రాలేదు. జూలైలో ప్రభంజనరావు గారు జిల్లా కేంద్రం నుంచి కుటుంబ సలహాల నిపుణురాలు సువర్చల గారిని పిలిపించారు. భార్యాభర్తల తగవులు, అత్తాకోడళ్ల తగవులు తీర్చడంలో ఆమెకు పదేళ్ల అనుభవం. జీపులో తీసుకెళ్లి గట్టు మీది నుంచి చూపించాం. ఈ కొండ మీద పెద్దక్క, ముక్కుపుడక పక్కపక్కన నిలబడి వెదురు విరుస్తున్నాయి. లోయకు అవతలి కొండ మీద చినపాప తన బిడ్డతో ఉంది.

ఆమె పుస్తకం తెరిచారు. "తల్లీకూతుళ్లకు మనస్పర్థలేమైనా ఉన్నాయా?"

"లేదమ్మా. ఒగే కొండ మింద ఇద్దురూ ఉంటే మేత చాలొద్దా? అందుకని ఎడంగా ఉండారు. మాట్లాడుకుంటానే ఉంటారు" అన్నాడు చెంగల్రాయుడు.

"ఏం మాట్లాడుకుంటున్నారు? నాకేమీ వినబడటం లేదే."

"మన చెవులకు అందదమ్మా. అట్ల చూస్తా ఉండండి."

చూశాం. పెద్దక్క మేత ఆపి కదలకుండా నిలబడింది. దాని నుదురు సన్నగా అదిరింది. అవతలి కొండ మీద చినపాప చెవులు విప్పి ఇటు తిరిగింది. కాసేపు అలాగే ఉండి, మళ్లీ రెండూ మేతలో పడ్డాయి. సువర్చల గారు పుస్తకం మూసేశారు.

"మా ఇంట్లో పక్క గదిలోంచి పిలిచినా పలికేవాళ్లు లేరు. వీళ్లకు నేనేం సలహా చెప్తాను?" అన్నారు. ఆమె నివేదికలో 'కుటుంబం సవ్యముగా ఉన్నది' అని ఒకే వాక్యం ఉంది. అది యాప్‌లోకి ఎక్కలేదు. సవ్యం అనే గడి అందులో లేదు.

ఆగస్టు మొదటికి మూడు మెమోలు పూర్తయ్యాయి. నాలుగోదానికి కాంట్రాక్టు రద్దు. చెంగల్రాయుడు నా బల్ల ముందు స్టూలు మీద కూర్చుని టోపీని మోకాలి మీద తిప్పుతున్నాడు.

"నాకు యాబై మూడు సార్. ఏనుగుల జాడ తప్ప ఇంగో పని రాదు. వాటిని కట్టేయమంటే యాడ కట్టేసేది?"

ఆయన మొహం చూడలేక నేనొక పాపం చేశాను. ఆ రోజే ప్రభంజనరావు గారి గదిలోకి వెళ్లి, "సార్, రెండో గుంపు ఏనుగు మూడో గుంపులో కనబడితే దాన్ని గైర్హాజరు అనడమెందుకు? డెప్యుటేషన్ అనవచ్చు కదా" అన్నాను.

ఆయన లేచి నిలబడి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. డెప్యుటేషన్ ఆయనకు బాగా తెలిసిన మాట. ఆయన మా డివిజన్‌కు వచ్చిందే డెప్యుటేషన్ మీద.

తెర మీది ఎరుపు వారంలో తగ్గింది. చెంగల్రాయుడి ఉద్యోగం నిలిచింది. కానీ ఆడ ఏనుగులు వానాకాలంలో రెండ్రోజులకోసారి తోడు మారుస్తాయన్న సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. మారిన ప్రతిసారీ డెప్యుటేషన్ ఉత్తర్వు కావాలి, విడుదల ఉత్తర్వు కావాలి, చేరిక నివేదిక కావాలి. ఒక్కోటి మూడు ప్రతులు. అన్నిటి మీదా ట్రాకర్ సంతకం. ఉదయం కొండెక్కి ఎవరు ఎవరితో ఉన్నారో చూసి రావడం, మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా ఆఫీసులో సంతకాలు పెట్టడం చెంగల్రాయుడి పనైంది. ఆయన సంతకం చేసేలోగా అవి మళ్లీ మారేవి.

ఆగస్టు ఆఖరు వారంలో ఒక ఉదయం అడవి పక్క ఊరు దొడ్డిమిట్ట నుంచి యల్లమ్మ అనే రైతు ఆఫీసుకొచ్చింది. చీర మోకాళ్ల దాకా బురద. రెండు చేతుల నిండా నలిగిన టమాటా మొక్కలు. వాటిని తెచ్చి చెంగల్రాయుడి ముందున్న ఉత్తర్వుల మీద పెట్టింది.

"అబయా, నిన్న సాయంత్రము మూడేనుగులు తోటలో పడినాయి. నేనూ నా కోడలూ కాయలు కోస్తా ఉండాము. ముందర నిలబడిందాకా చూసుకోలేదు. కోడలు కడుపుతో ఉండాది, గట్టు మింద నుంచి దూకింది. ఏమీ కాలేదు, దేవుని దయ. ఇన్నేండ్లూ నువ్వు ఫోను చేస్తా ఉంటివే. నిన్న యాల చెయ్యలేదు?"

చెంగల్రాయుడు తల దించుకున్నాడు. నిన్న సాయంత్రం ఆయన ఎక్కడున్నాడో నాకు తెలుసు. ఈ స్టూలు మీదే, నా ఎదురుగానే ఉన్నాడు. చినపాప విడుదల ఉత్తర్వు మూడో ప్రతి మీద సంతకం పెడుతున్నాడు.

అలికిడి విని అధికారి బయటికొచ్చారు. ఫిర్యాదు ఓపికగా విన్నారు. "ఎన్ని ఏనుగులమ్మా?"

"మూడు సామీ."

"మా రికార్డుల్లో తొమ్మిదికి తగ్గిన గుంపు లేదు. మూడేనుగుల గుంపన్నది ఈ డివిజన్‌లో లేదు కనుక, సాంకేతికంగా నిన్న సాయంత్రం మీ తోటలోకి ఏనుగులు రాలేదు."

యల్లమ్మ ఆయన్ను పైనుంచి కిందికి చూసింది. "అట్లనా సామీ. మళ్లొస్తే ఆ మాట నువ్వొచ్చి వాటికి చెప్పు" అని వెళ్లిపోయింది. మొక్కలు బల్ల మీదే వదిలేసింది.

ఆ మధ్యాహ్నం చెంగల్రాయుడు సంతకాలకు రాలేదు. మర్నాడూ రాలేదు. కొండ మీదే ఉండి ఊళ్లకు ఫోన్లు చేస్తున్నాడని తెలిసింది. నేను ఆయన సంతకం నేర్చుకున్నాను. కష్టమైందేమీ కాదు. 'చెం' రాసి కింద గీత గీస్తే చాలు.

సెప్టెంబరులో పెద్దక్కకు గడువు తీరింది. తన గుంపు కాని ఏనుగుతో నలభై అయిదు రోజులకు మించి తిరిగితే డెప్యుటేషన్ చెల్లదు. యాప్ దాన్ని తనంతట తానే 'నిరాశ్రయ' జాబితాలో వేసింది. ప్రభంజనరావు గారు నిజంగానే బాధపడ్డారు. ఆయన చెడ్డవాడు కాడు.

"నా అనేవాళ్లు లేని ముసలి ప్రాణి. దాన్ని అడవిలో వదిలేయడం మానవత్వం అనిపించుకోదు. పట్టి శిబిరానికి తరలిద్దాం" అన్నారు.

శిబిరం నూట ఎనభై కిలోమీటర్ల దూరం. అక్కడికి వెళ్లిన ఏనుగు కాలికి గొలుసు పడుతుంది. మళ్లీ రాదు. లారీ వచ్చింది, క్రేను వచ్చింది, మత్తు సూది వేసే డాక్టరు వచ్చాడు. అడవి ఏనుగుల్ని నెట్టుకొచ్చే కుంకీ ఏనుగులు రెండు తమ మావటీలతో దిగాయి.

గుంటకట్ట దగ్గర పెద్దక్క, ముక్కుపుడక నీళ్లలో మోకాలి లోతున నిలబడి ఉన్నాయి. మా కంటే ముందే చెంగల్రాయుడు గట్టు మీదున్నాడు. చేతిలో కర్ర లేదు, టోపీ లేదు. అధికారికి ఎదురు నడిచి వచ్చాడు.

"సార్, దాన్ని ఒంటరిది అంటా ఉండారు. పక్కన ఇంగొగటి ఉండాది, కండ్లకు కనబడలేదా? చిన్నప్పటి నుంచి వాన పడితే రొండూ జంటగానే తిరగతాయి. పంతొమ్మిదేండ్లుగా చూస్తా ఉండాను."

"రికార్డు ప్రకారం పెద్దక్క ఒంటరిది. మూడో గుంపుకు దూరమైన ఆ రెండోది కూడా ఒంటరిదే. ఇద్దరు ఒంటరివాళ్లు పక్కపక్కన నిలబడినంత మాత్రాన తోడు అవదు చెంగల్రాయుడూ. పక్కకు జరగండి."

"జరగను సార్. నా కాంట్రాక్టు మీ దగ్గరే ఉండాది, చించేయండి. దాన్ని మాత్రము పోనీను."

పంతొమ్మిదేళ్లలో ఆయన గొంతు పెరగడం నేను వినడం అదే మొదటిసారి. డాక్టరు తుపాకీ పట్టుకుని ఎవరి మాట వినాలో తెలియక నిలబడ్డాడు. అప్పుడే కుంకీల వాసన తగిలిందో ఏమో, పెద్దక్క తొండం ఎత్తింది. తర్వాత కదలకుండా నిలబడింది. దాని నుదురు అదిరింది. ఈసారి నా గుండె కింద ఏదో గుమ్మని మోగినట్టయింది కానీ చెవికేమీ అందలేదు.

పావుగంటలో తూర్పు వెదుళ్లు ఊగాయి. చినపాప బిడ్డతో సహా పరుగున వచ్చింది. దాని వెనక మరో రెండు. పడమటి గట్టు మీది నుంచి నాలుగు దిగాయి. ఏ గుంపువో నేను నంబర్లు చూసుకునేలోగా ఇంకో మూడొచ్చాయి. పిల్లల్ని లోపలికి నెట్టి, ముసలివాటి చుట్టూ వీపులు ఆనించి గోడ కట్టినట్టు నిలబడ్డాయి. పెద్దక్క మాకు కనబడకుండా పోయింది. కుంకీలు రెండూ వెనక్కి తగ్గాయి. "అయ్యా, ఇందులో సూదేస్తే ఎవరికి తగుల్తుందో నాకు తెలీదు" అని డాక్టరు తుపాకీ సంచిలో పెట్టేశాడు.

ప్రభంజనరావు గారు యాప్ తెరిచారు. చుట్టూ ఉన్న చెవుల్ని అది గుర్తుపట్టి చకచకా లెక్కించింది. మూడు గుంపులవీ కలిసి ఉన్నాయి. తెర ఎర్రబడింది.

"ఇది అనధికార సమావేశం. చెదిరిపొమ్మనండి" అన్నారు.

చెంగల్రాయుడు ఆయన వైపు తిరిగాడు. కళ్లు తడిగా ఉన్నాయి, పెదవి మీద మాత్రం నవ్వు.

"నిన్నటిదాకా కలవమంటిరి గద సార్."

లారీ ఖాళీగా వెళ్లిపోయింది. 'వాతావరణం అనుకూలించనందున' అని రాశాను. చెంగల్రాయుడి కాంట్రాక్టు చించే ఫైలు కూడా నా దగ్గరికే వచ్చింది. దాన్ని బీరువాలో అడుగు అరలో పెట్టాను. ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది.

సంక్షోభం దానంతటదే తీరింది. వానలు ఆగాయి, గుంటలు ఇంకాయి, గడ్డి ఎండింది. మార్చి వచ్చేసరికి ఇరవై తొమ్మిదీ ఒక్కొక్కటిగా మల్లేరు ప్రాజెక్టు నీళ్ల దగ్గరికి చేరాయి. నా తెర పచ్చబడింది. నూటికి నూరు శాతం హాజరు. ప్రభంజనరావు గారు రాజధానికి ఫోటోలు పంపారు. పథకం ఘనవిజయమని, దాన్ని రాష్ట్రమంతటికీ విస్తరించే ఆలోచన ఉందని, పరిశీలనకు సాక్షాత్తూ ఒక ఉన్నతాధికారి వస్తున్నారని కబురొచ్చింది.

వచ్చారు. మంచె ఎక్కారు. ఏనుగులన్నీ ఒక్కచోట నీళ్లు చల్లుకుంటుంటే ముచ్చటపడ్డారు. దిగాక, "విడిపోయిన కుటుంబాల్ని ఇలా కలపడం ఎలా సాధ్యమైంది? క్షేత్ర సిబ్బంది నోటి నుంచి వినాలని ఉంది" అన్నారు. అందరూ చెంగల్రాయుణ్ని ముందుకు తోశారు. ప్రభంజనరావు గారు కళ్లతోనే బతిమాలారు.

"మేమేం కలపలేదు సార్. వాన లేదు, వేరే చోట నీళ్లు లేవు. ఈడికొచ్చినాయి. వాన పడితే పోతాయి" అన్నాడు చెంగల్రాయుడు.

ఉన్నతాధికారి చాలాసేపు ఆలోచించారు. నిజం తెలిసిపోయిందనుకున్నాను.

"అంటే కుటుంబాల విచ్ఛిన్నానికి మూలకారణం వర్షమన్నమాట" అన్నారు ఆయన మెల్లగా. "ప్రభంజనరావు గారూ, ఇంత ముఖ్యమైన అంశం మీ నివేదికలో ఎందుకు లేదు? దీనిపై సంబంధిత శాఖతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపారా?"

జరపలేదు. మర్నాడే జరిపాం. ఋతుపవనాల రాక వల్ల మా ఏనుగు కుటుంబాలకు కలుగుతున్న విఘాతం వివరించి, రాబోయే సంవత్సరం వర్షాన్ని సోమవారాలు మినహాయించి విడతలవారీగా కురిపించే అవకాశం పరిశీలించవలసిందిగా వాతావరణ శాఖకు లేఖ రాశాం. ఉత్తరం నేనే టైపు చేశాను. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క తప్పు కూడా లేకుండా టైపు చేసిన ఉత్తరం అదే.

జూన్ ఎనిమిదిన జవాబొచ్చింది. 'మీ లేఖ అందినది. వర్షము మా శాఖ పరిధిలోనిది కాదు. మేము కేవలము ముందుగా చెప్పెదము. మీ విజ్ఞప్తిని తదుపరి చర్య నిమిత్తము పై వారికి పంపడమైనది.' పై వారంటే ఎవరో రాయలేదు.

దాన్ని ఏ ఫైలులో పెట్టాలా అని చూస్తుండగానే కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. మట్టి వాసన వచ్చింది. చెంగల్రాయుడు స్టూలు మీది నుంచి లేచి, గోనెసంచి నెత్తిన కప్పుకుని, ఫోను చెవికి ఆనించుకుంటూ మెట్లు దిగాడు.

"యల్లమ్మక్కా, వాన మొదులైంది. ఇంగ అందురూ విడిపోతారు. నేను కొండకు పోతాండాను. కోడల్ని, పసిబిడ్డను బయటికి తేవద్దు... ఆఁ, పెద్దక్క యాడుండాదో చూసి చెప్తాలే."

నేను కంప్యూటరు ఆపేసి, గొడుగు తీసుకుని ఆయన వెనకే నడిచాను. సోమవారం నాటి హాజరులో నా పేరు కూడా ఎర్రగా పడిందట.